కింగ్డా కా పోయింది. ఆ జాగాలో ఏం పెడతారంటారు?

ఎడిసన్_వాసు | 15 నవంబర్ 2024

నిన్న మీటింగ్ మధ్యలో ఫోన్ ఒకటే మోత. ఇంట్లో ఏమైందోనని కంగారుగా తీసి చూస్తే మన గ్రూపు. న్యూజెర్సీలో సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ పార్కు వాళ్లు కింగ్డా కా రోలర్ కోస్టర్‌ని తీసేస్తున్నారట. రిపేరుకి మూయడం కాదు, పూర్తిగా పీకేయడమే. దాన్ని అంటిపెట్టుకుని ఉన్న, పైనుంచి నిలువునా పడేసే జుమాంజరో, నిలబడి వెళ్లే కోస్టర్ గ్రీన్ లాంటర్న్, ట్విస్టర్, పారాచూట్లు కూడా అదే జాబితాలో ఉన్నాయి. మొన్న ఆదివారం, 10వ తేదీన తిరిగిందే ఆఖరు. ఆ రోజు ఎక్కినవాళ్లకి కూడా అది ఆఖరని తెలీదు.

కొత్తగా చేరినవాళ్ల కోసం: 2005లో మొదలైంది. ఎత్తు 456 అడుగులు, అంటే 139 మీటర్లు. మూడున్నర సెకన్లలో గంటకు 128 మైళ్లు. ఇన్నేళ్లలో ప్రపంచంలో ఎక్కడా దీనికన్నా ఎత్తైన కోస్టర్ రాలేదు.

నా బాధ వేరు. పోయిన వేసవిలో మా పాప ఎత్తు కర్ర దగ్గర నిలబడితే అంగుళంన్నర తక్కువైంది. 54 అంగుళాలుండాలి. ఏడుపు మొహం పెడితే "వచ్చే ఏడాది ఎక్కుదువులే, అదెక్కడికీ పోదు" అన్నాను. పోయింది.

అదే ప్రకటనలో 2026కి "అనేక ప్రపంచ రికార్డులు బద్దలుకొట్టే లాంచ్ కోస్టర్" (గొలుసుతో పైకి లాగకుండా ఒక్కసారిగా విసిరే రకం) పెడతామన్నారు. ఏం రికార్డులో, ఎవరు కడతారో, ఏ మూల పెడతారో ఒక్క ముక్క లేదు. మన పని మొదలు. ఎవరి జోస్యం వాళ్లు చెప్పండి.

గుంటూరు_ఘాటు | చికాగో

అన్నా, ముందుగా సంతాపం. పాపకి పులి అడవికి వెళ్లిపోయిందని చెప్పు. కింగ్డా కా అంటే పులి కథే కదా, పార్కులో అది ఉన్న గోల్డెన్ కింగ్‌డమ్ అంతా పులి బొమ్మలూ వెదురు పొదలూ.

ఇక నా జోస్యం: 500 అడుగులు. తక్కువైతే ఒప్పుకోను. పులిని పంపేసి ఆ బోనులో పిల్లిని కట్టేస్తారా ఎవరైనా?

శాండస్కీ_దగ్గరోడు | ఒహాయో

పిల్లినే కడతారు బ్రో. కాకపోతే రోజూ పరుగెత్తే పిల్లిని.

నేనుండేది సీడార్ పాయింట్ పార్కుకి గంట దూరంలో. కింగ్డా కాకి అన్నలాంటిది, 2003 నాటి టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్, మా దగ్గరే ఉంది. దాని ఎత్తు 420 అడుగులు. అన్నదమ్ములిద్దరికీ ఒకటే జబ్బు, హైడ్రాలిక్ లాంచ్.

అదెలా పనిచేస్తుందో ఓపికుంటే చదవండి. చేదబావి గిలక గుర్తుందా? తాడు చివర బిందె. ఇక్కడ బిందె బదులు క్యాచ్ కార్ అనే ఇనప బండి ఉంటుంది, అది రైలు అడుగున కొక్కెంలా తగులుకుంటుంది. తాడు బదులు ఉక్కు కేబుళ్లు. గిలక బదులు మనిషికన్నా పెద్ద డ్రమ్ము. పంపులు నూనెను నెట్టి ట్యాంకుల్లో నైట్రోజన్‌ని బిగబట్టి ఉంచుతాయి. సిగ్నల్ రాగానే ఆ ఒత్తిడంతా ఒక్కసారిగా మోటార్ల మీదికి వదులుతారు. డ్రమ్ము గిర్రున తిరిగి 18 మంది కూర్చున్న రైలుని లాగి విసిరేస్తుంది. కేబుల్ అరిగినా, సీలు కారినా, నూనె వేడెక్కినా బండి ఆగాల్సిందే. 2005లో తెరిచిన కొద్ది వారాలకే లాంచ్ యంత్రం దెబ్బతిని ఆగస్టు దాకా మూతపడింది. 2009లో పిడుగు పడింది. 2011 ఆగస్టులో ఆగింది మళ్లీ 2012 వసంతానికి గానీ లేవలేదు.

ఒక చిన్న లెక్క. 128 మైళ్లంటే సెకనుకి దాదాపు 57 మీటర్లు. గాలీ ఘర్షణా లేకపోతే ఆ వేగంతో 167 మీటర్ల దాకా ఎక్కొచ్చు. టవరేమో 139 మీటర్లు. మధ్యలో ఆ 28 మీటర్ల మిగులునే గాలీ చక్రాలూ తినేస్తాయి. చలిరోజు చక్రాలు బిగిసినా, ఎదురుగాలి కొట్టినా మిగులు చాలదు, రైలు శిఖరం దాకా వెళ్లి వెనక్కి జారుతుంది. 500 అడుగులంటే ఇవన్నీ ఇంకో మెట్టు పైకి. బిల్లు ఎవరు కడతారు?

డ్రాగ్‌స్టర్ సంగతి కూడా చెప్పేస్తా. 2021 ఆగస్టులో రైలు నుంచి ఇనప ముక్క ఊడి లైన్లో నిలబడ్డ ఒకావిడకి తీవ్రంగా తగిలింది. అప్పుడు మూసి, హైడ్రాలిక్ తీసేసి, జాంపర్లా అనే రైడ్ల కంపెనీతో విద్యుదయస్కాంతాల లాంచ్ పెట్టించి, ఈ ఏడాది మేలో టాప్ థ్రిల్ 2 అని తెరిచారు. వారం తిరిగిందో లేదో మళ్లీ ఆపేశారు. సీజనంతా మాకు చూపుల భాగ్యమే.

షార్లెట్_అక్క

శాండస్కీ తమ్ముడు చెప్పినదాని మీద ఒక మాట. ఇది రైడ్ సంగతి కన్నా ముందు డబ్బు సంగతి. ఈ జులై 1న సిక్స్ ఫ్లాగ్స్, సీడార్ పాయింట్ వాళ్ల కంపెనీ సీడార్ ఫెయిర్ ఒకటయ్యాయి. ప్రధాన కార్యాలయం మా ఊళ్లోనే. రెండు కాపురాలు కలిసినప్పుడు అటకెక్కి సామానంతా దించి, ఏది పనికొస్తుంది, ఏది ఊరికే జాగా తింటోంది అని చూస్తారు కదా, ఇప్పుడు జరుగుతున్నది అదే. 420 అడుగుల తలనొప్పి ఒకటి ఇంట్లో ఉండగా 456 అడుగుల తలనొప్పి ఇంకోటి వచ్చింది. రెండూ ఎందుకు అనుకుని ఉంటారు.

మా కారోవిండ్స్ పార్కులో ఫ్యూరీ 325 కోస్టర్ చూడండి. 2015లో వచ్చింది. 325 అడుగులు, 95 మైళ్లు, మామూలు గొలుసు లిఫ్టు. 2023 జూన్‌లో ఒక స్తంభానికి పగులు కనిపిస్తే మూశారు, స్తంభం మార్చి ఆగస్టులో తెరిచారు. అంతే. గొలుసు రైడ్ చీరలాంటిది, చిరిగితే కుట్టుకోవచ్చు. హైడ్రాలిక్ రైడ్ సినిమా సెట్టు.

నాకు ఎత్తు మోజు ఎప్పుడు తీరిపోయిందంటే, ఒకసారి ఒక పార్కులో (పేరెందుకులెండి) రెండున్నర గంటలు ఎండలో నిలబడ్డాం. మా ముందు పదిమంది ఉన్నారనగా మైకులో "సాంకేతిక ఇబ్బంది" అన్నారు. మా అత్తగారు బెంచీ మీద అందరి బ్యాగులూ కళ్లద్దాలూ చెప్పులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మేం తిరిగొచ్చేసరికి "అప్పుడే అయిపోయిందా?" అని అడిగారు.

గుంటూరు_ఘాటు | చికాగో

అక్కా, "అప్పుడే అయిపోయిందా" అన్నది కింగ్డా కాకి కూడా సరిపోతుంది. మొత్తం 28 సెకన్లే కదా 😂

రావిర్యాల_రైడర్ | హైదరాబాద్

నేను ఒక్కసారి కూడా అమెరికా రాలేదు, కానీ కింగ్డా కా వీడియోలు మాత్రం వందసార్లు చూసుంటా. మాకు ఇక్కడ అవుటర్ మీద ఎగ్జిట్ 13 దిగితే వండర్లా. 2016 నుంచి అక్కడి రీకాయిల్ కోస్టరే మా దేవుడు. ముందుకి వెళ్లి అదే దారిలో వెనక్కి రావడం, రెండోసారి ఏమొస్తుందో కనపడదు కాబట్టి అదే అసలు భయం.

నాకో డౌట్. అంత ఎత్తు టవరు, అంత డబ్బు. లాంచ్ ఒక్కటే మార్చి టవరు అలాగే ఉంచొచ్చు కదా? ఒహాయో అన్న చెప్పినట్టు అక్కడ చేశారు కదా?

శాండస్కీ_దగ్గరోడు | ఒహాయో

మంచి ప్రశ్న తమ్ముడూ. ఉయ్యాలతో మొదలుపెడదాం. పిల్లని ఉయ్యాల్లో కూర్చోబెట్టి ఒక్క తోపుతో కొమ్మ ఎత్తుకి పంపాలంటే భుజం ఊడుతుంది. నాలుగు తోపులు తోస్తే నీకేమీ శ్రమ ఉండదు. టాప్ థ్రిల్ 2 చేసేది అదే. ముందుకి 74 మైళ్లతో తోస్తారు, టవరు సగంలో ఆగి వెనక్కి జారుతుంది. వెనక్కి జారేటప్పుడు ఇంకో తోపు, 101 మైళ్లు. వెనక కొత్తగా కట్టిన 420 అడుగుల నిలువు ట్రాక్ ఎక్కి కిందికి దిగుతుంటే మూడో తోపు, 120 మైళ్లు. అప్పుడు దాటుతుంది.

అంటే వెనక ఇంకో టవరు కట్టాలి, ట్రాక్ పొడవునా స్టేటర్లు, అంటే రైలుని నెట్టే విద్యుదయస్కాంతాలు, పరచాలి, రైళ్లు తేలికవి కొత్తవి కావాలి. కింగ్డా కా స్తంభాలు అప్పటికే 20 ఏళ్లవి. దాదాపు కొత్త రైడ్ ఖర్చే. ఖర్చు పెట్టాక పోస్టరు మీద "పాతదే, రిపేరు చేశాం" అని వేసుకోలేరు కదా.

ఒకే తోపుతో విద్యుత్తు మీద అంత ఎత్తు పోవాలన్నా దారి ఉంది. స్పెయిన్‌లో ఫెరారీ ల్యాండ్‌లో రెడ్ ఫోర్స్ ఉంది, 2017ది, 112 మీటర్లు. అయిదు సెకన్లలో గంటకు 180 కిలోమీటర్లు. కింగ్డా కా దెబ్బకీ దానికీ తేడా ఎక్కినవాళ్లు చెప్తారు. అయస్కాంతం నెడుతుంది, కేబుల్ ఈడ్చుకుపోతుంది. ఆ ఈడ్పు రుచి తెలియాలంటే న్యూజెర్సీ వాళ్లకి హెర్షీపార్క్‌లో స్టార్మ్ రన్నర్ ఉంది. 150 అడుగులే, కానీ రెండు సెకన్లలో 70 మైళ్లు దాటిస్తుంది. ఉన్నప్పుడే వెళ్లి రండి.

పిస్కాటవే_పెద్దాయన | 23 నవంబర్ 2024

మా మనవడు ఈ లింకు పంపాడు. అందరికీ నమస్కారం.

నేను ఈ దేశం వచ్చింది 1990లో. అప్పటికి గ్రేట్ అడ్వెంచర్‌లో గ్రేట్ అమెరికన్ స్క్రీమ్ మెషీన్ ఏడాది క్రితమే వచ్చింది. ఏడుసార్లు తలకిందులు చేసేది. ప్రపంచంలోనే ఎత్తైన లూపింగ్ కోస్టర్ అని బోర్డులు. మా తీర్థంలో రంకులరాట్నం తప్ప ఎరగని మనిషిని, మిత్రులు నన్ను దాంట్లో కూర్చోబెట్టారు. దిగాక మెడ రెండు రోజులు తిరగలేదు. అదీ ఒక ప్రపంచ రికార్డే అప్పట్లో.

2010లో దాన్ని పీకేశారు. ఆ జాగాలోనే 2011లో గ్రీన్ లాంటర్న్ పెట్టారు. అదైనా కొత్తదా? కెంటకీ కింగ్‌డమ్‌లో చాంగ్ అనే పేరుతో 1997 నుంచి తిరిగినదాన్ని విప్పి తెచ్చి ఆకుపచ్చ రంగు వేశారు. ఇప్పుడు అదీ పోయింది. 1979 నాటి చెక్క కోస్టర్ రోలింగ్ థండర్ 2013లో పోయింది. బ్యాట్‌మ్యాన్ కోస్టర్ మాత్రం 1993 నుంచి అలాగే నిలబడి ఉంది, దాని జోలికి ఎవరూ పోలేదు.

నేను చెప్పొచ్చేదేమంటే, మీరంతా కింగ్డా కా జాగా గురించే మాట్లాడుతున్నారు. గ్రీన్ లాంటర్న్ జాగా కూడా ఖాళీ అయింది, అది గేటుకి దగ్గర. బోర్డు మీద రికార్డు రాసుకునే రైడుని గేటు దగ్గర పెడతారా, ఆ చివర పెడతారా ఆలోచించండి.

ఎడిసన్_వాసు

పెద్దాయన గారూ, పాయింటు. నేను కింగ్డా కా చోటనే అనుకుంటూ కూర్చున్నాను. అది ఎంత దూరమంటే గేటు నుంచి నడిచేసరికే మా మామగారు "ఇంకా న్యూజెర్సీలోనే ఉన్నామా" అనేవారు.

షార్లెట్_అక్క

ఆయన చెప్పింది నిజమే, కానీ గోల్డెన్ కింగ్‌డమ్‌లో పునాదులున్నాయి, కరెంటు సదుపాయం ఉంది. జాక్సన్ టౌన్‌షిప్ అంత ఎత్తుకి ఇదివరకే ఒప్పుకున్న చోటు అది. కొత్త చోట ఎత్తు పెట్టాలంటే మళ్లీ కాగితాలు మొదటినుంచి.

బ్రాంప్టన్_బుజ్జి | కెనడా

ఇంతకీ "అనేక రికార్డులు" అంటే ఏంటో ఎవరూ అడగరేం? తలకిందుల రికార్డు ఇంగ్లండ్‌లో ఆల్టన్ టవర్స్ స్మైలర్ దగ్గరుంది, 14 సార్లు, 2013 నుంచి. వేగం, ఎత్తు, పొడవు మూడూ సౌదీలో కిద్దియాలో కడుతున్న ఫాల్కన్స్ ఫ్లైట్ మూటగట్టుకుపోతుంది. గంటకు 250 కిలోమీటర్లు, 4 కిలోమీటర్ల పైన ట్రాక్, కొండ అంచు మీంచి దూకుడు. పైగా ఆ పార్కు పేరు కూడా సిక్స్ ఫ్లాగ్సే. ఒకే పేరున్న రెండు పార్కులు ఒకదాని రికార్డు మీద ఇంకోటి పడతాయా?

మా కెనడాస్ వండర్‌ల్యాండ్‌లో వచ్చే ఏడాది ఆల్పెన్‌ఫ్యూరీ వస్తోంది. 9 సార్లు తలకిందులు, మధ్యలో ఉన్న ఆ కృత్రిమ కొండలోంచి పైకి చీల్చుకుని వస్తుంది. అలాంటిదే న్యూజెర్సీకి ఇంకాస్త పెద్ద సైజులో ఇస్తారని నా జోస్యం. 10 లేదా 11 తలకిందులు, 200 అడుగులు.

గుంటూరు_ఘాటు | చికాగో

బుజ్జీ, రికార్డుకి ఏం కొదవ. విశేషణాలు పెంచుకుంటూ పోతే అందరూ ఫస్టే. వర్జీనియాలో కింగ్స్ డొమినియన్‌లో రాప్టెరా వస్తోంది, "ప్రపంచంలోనే ఎత్తైన, పొడవైన, లాంచ్ ఉన్న, రెక్కల కోస్టర్" అట. ఇది ఎలా ఉందంటే, మా వీధిలో శుక్రవారం పుట్టి, ఎడమచేత్తో రాసే బట్టతల వాళ్లందరిలో మా బావే అందగాడు.

మోడరేటర్

బావగారు ఈ వేదికలో సభ్యులు కారు కాబట్టి వదిలేస్తున్నాం. విషయానికి రండి.

ఎడిసన్_వాసు | 28 ఫిబ్రవరి 2025

ఈరోజు పొద్దున్న కూల్చేశారు. పాపని స్కూలుకి తయారుచేస్తూ వంటగట్టు మీద ఫోన్ పెట్టి వీడియో చూపించాను. పటపటమని పేలుళ్లు, ఒక్క క్షణం ఏమీ కాదు, తర్వాత టవరు మోకాళ్ల మీద కూలబడినట్టు ఒరిగి పడిపోయింది. దుమ్ము. రైడుకి పట్టే టైము కూడా పట్టలేదు.

రెండుసార్లు ఎక్కాను నేను. మర్చిపోకముందే రాసి పెట్టుకుంటా. రైలు లాంచ్ ట్రాక్ మీదికి వచ్చి ఆగుతుంది. ఎదురుగా తిన్నగా పట్టాలు, చివర టవరు, పైన ఆకాశం. ఏమీ జరగదు. తర్వాత రైలు నెమ్మదిగా కాస్త వెనక్కి జారుతుంది. కొక్కెం తగిలిందన్నమాట. పట్టాల మధ్య పైకి లేచి ఉన్న బ్రేకు రేకులు టకటకమని కిందికి పడుకుంటాయి. పక్కన కూర్చున్నాయన, ఎవరో తెల్లాయన, తెలియని మనిషి, నా మోచెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు లాగింది. కళ్లల్లో నీళ్లు చెంపల మీదికి కాదు, చెవుల్లోకి పోయాయి. పైన ఒక్క క్షణం నిశ్శబ్దం. అక్కణ్నుంచి మెలి తిరుగుతూ నిలువునా కిందికి. బ్రేకుల దగ్గర ఆ తెల్లాయన నా చెయ్యి వదిలి సారీ అన్నాడు.

పిస్కాటవే_పెద్దాయన

నాకు రెండోసారి వెనక్కి జారింది బాబూ. శిఖరం మీద ఆగినట్టే ఆగి, ఒక అడుగు ముందుకేస్తే చాలు, పడలేదు. వెనక్కి వచ్చేసింది. పడుకున్న బ్రేకు రేకులు మళ్లీ లేచి పట్టుకున్నాయి. ఇంకోసారి ప్రయోగించారు. ఒక టికెట్టుకి రెండు లాంచులు. మావాడు మొహం తెల్లబడి కూర్చుంటే నేను చప్పట్లు కొట్టాను.

రావిర్యాల_రైడర్ | హైదరాబాద్

అదృష్టవంతులండీ! నేను ఈ జన్మకి మిస్సయ్యా.

మా దగ్గర ఒక కబురు. చెన్నైలో వండర్లా కడుతున్నారు కదా, అందులో స్విట్జర్లాండ్ బీ అండ్ ఎం కంపెనీ కోస్టర్, ట్రాక్ కింద వేలాడే రకం వస్తుందంటున్నారు. బ్యాట్‌మ్యాన్ అలాంటిదే కదా? ఎలా ఉంటుంది?

ఎడిసన్_వాసు

అవును, అదే జాతి. కాళ్ల కింద నేల ఉండదు, చెప్పులు వదులుగా ఉంటే జాగ్రత్త. మలుపుల్లో కాళ్లు బరువెక్కి గోరువెచ్చగా అయిపోతాయి. మొదటిసారి ముందు వరసలో కూర్చో, రెండోసారి వెనక. బీ అండ్ ఎం అంటే నమ్మకం తమ్ముడూ, పెద్దాయన గారు చెప్పినట్టు మా బ్యాట్‌మ్యాన్‌కి మూడు పదులు దాటాయి. తెరవగానే ఇక్కడ రాయి.

ఫెయిర్‌ఫాక్స్_ఫణి | 3 మే 2025

మా ఇంట్లో కూడా చావు కబురు. బోవీలో ఉన్న సిక్స్ ఫ్లాగ్స్ అమెరికా మొత్తం పార్కే ఈ సీజన్‌తో మూసేస్తారట. స్థలం అమ్మేస్తారట. మేరీల్యాండ్, వర్జీనియాలో మన పిల్లలందరి మొదటి కోస్టర్ అక్కడే.

ఇప్పుడు నా జోస్యం వినండి. అక్కడ సూపర్‌మ్యాన్ రైడ్ ఆఫ్ స్టీల్ ఉంది, 2000 సంవత్సరంది, దాదాపు 200 అడుగులు. చాంగ్‌ని విప్పి న్యూజెర్సీ తెచ్చినవాళ్లు దీన్ని తేలేరా?

షార్లెట్_అక్క

తేవచ్చు, కానీ అది లాంచ్ కాదు, రికార్డూ కాదు. అడిగింది పెళ్లికొడుకుని, నువ్వు తెచ్చేది పెళ్లికొడుకు పెదనాన్నని. 25 ఏళ్ల ఉక్కు విప్పి, లారీలకెక్కించి, కొత్త పునాదులు పోసి, కొత్త కంట్రోళ్లు పెట్టేసరికి సగం కొత్త రైడ్ ఖర్చవుతుంది.

నాకు అక్కడ బాధగా ఉన్నది వైల్డ్ వన్ గురించి. 1917లో మసాచుసెట్స్‌లో పారగాన్ పార్కులో కట్టిన చెక్క కోస్టర్. ఆ పార్కు మూతపడితే 1986లో మేరీల్యాండ్ తెచ్చి నిలబెట్టారు. ఒకసారి చావు తప్పించుకుంది. రెండోసారి కూడా ఎవరైనా తీసుకెళ్తే బాగుండు.

ఫెయిర్‌ఫాక్స్_ఫణి

పెదనాన్న అన్నందుకు కోపం రాలేదక్కా, నిజమే. వైల్డ్ వన్ కోసం ఈ నెల్లో పిల్లల్ని తీసుకుని రెండుసార్లయినా వెళ్తా.

శాండస్కీ_దగ్గరోడు | 12 మే 2025

శుభవార్త. టాప్ థ్రిల్ 2 మళ్లీ తిరుగుతోంది. సీజన్ మొదటిరోజే. నేను లైన్లోనే ఉన్నా. మూడు తోపులూ తిన్నా.

నిజం చెప్పాలంటే వెనక టవరు మీద నిలువుగా నేలని చూస్తూ వేలాడటం ఉంది చూడండి, పాత డ్రాగ్‌స్టర్‌లో అది లేదు. అది మాత్రం లాభం. కానీ మొదటి తోపుకి పాతదాని గుద్దు లేదు. రెండూ ఒకేసారి దొరకవు.

ఇది తిరుగుతున్నంత కాలం న్యూజెర్సీకి ఇంకో 400 అడుగులది ఇవ్వరు. నా మాట రాసి పెట్టుకోండి.

గుంటూరు_ఘాటు | 2 జూన్ 2025

చికాగో నుంచి ప్రత్యేక ప్రసారం. మా గర్నీ గ్రేట్ అమెరికాలో మొన్న 31న తెరిచిన కొత్త రైడ్ పేరు "రాత్ ఆఫ్ రాక్షస". ఒట్టు, రాక్షసుడే. మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంది, బోర్డు చదివి "డబ్బిచ్చి రాక్షసుడి కోపం తెచ్చుకోవడం ఏంట్రా" అంది. 180 అడుగులు. అంచు మీద ఆపి కిందికి చూపిస్తుంది, తర్వాత నిలువు కన్నా ఎక్కువ వంపుతో, 96 డిగ్రీల్లో పడేస్తుంది. అయిదుసార్లు తలకిందులు. ఇది కూడా బావగారి టైపు రికార్డే, కానీ రైడ్ మాత్రం నున్నగా వెన్నలా ఉంది. దిగి మళ్లీ లైన్లో నిలబడ్డా.

అందుకని నా 500 అడుగుల జోస్యం వెనక్కి తీసుకుంటున్నా. 456 అడుగులు ఏడాదికి సగం రోజులు చూడటం కన్నా 180 అడుగులు రోజుకి పదిసార్లు ఎక్కడం నయం. అక్కా, నువ్వే గెలిచావు.

బ్రాంప్టన్_బుజ్జి

స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

పిస్కాటవే_పెద్దాయన

నేను ఒప్పుకోను. ఎత్తు లేకపోతే నాలాంటివాడు బెంచీ మీద కూర్చుని ఏం చూడాలి? ఐ-195 మీద ఎగ్జిట్ 16 రాకముందే చెట్ల పైన ఆ టవరు కనిపించేది. వెనక సీట్లో పిల్లలు అరిచేవాళ్లు. రైడ్ ఎక్కేది అరనిమిషం, కానీ అది కనిపించిన దగ్గర్నుంచి కారు ఆగేదాకా కడుపులో పడే గాభరా టికెట్టులో భాగమే. 180 అడుగులది పార్కింగ్‌లో దిగినా కనపడదు.

షార్లెట్_అక్క

ఇది మాత్రం నా దగ్గర జవాబు లేని మాట, పెద్దాయన గారూ.

మోడరేటర్ | 20 జూన్ 2025

పందెం వివరాలు పైన పిన్ చేస్తున్నాం. శాండస్కీ: 250-300 అడుగులు, ముందుకీ వెనక్కీ నెట్టే లాంచ్. బుజ్జి: 200 అడుగులు, 10కి పైగా తలకిందులు. షార్లెట్ అక్క: ఎత్తు ఎంతైనా సరే, కింగ్డా కా చోటే. పెద్దాయన గారు: గ్రీన్ లాంటర్న్ చోటు. ఘాటు: అభిప్రాయం మార్చుకున్నందుకు పందెంలోంచి తప్పించబడ్డారు. ఓడినవాళ్లు ఓక్ ట్రీ రోడ్డు మీద అందరికీ దోసెలు పెట్టాలి. రావిర్యాల తమ్ముడికి బాకీ ఉంచుతాం.

ఎడిసన్_వాసు | 6 జులై 2025

నిన్న వెళ్లాం. ఎప్పటిలాగే పార్కింగ్‌లో డిక్కీ తెరిచి పులిహోర, పెరుగన్నం కానిచ్చి లోపలికి నడిచాం.

ఫ్లాష్ వర్టికల్ వెలాసిటీ అనే కొత్త కోస్టర్ తెరిచారు. 2024కే రావాల్సింది, ఒక ఏడాది ఆలస్యం. రావిర్యాల తమ్ముడూ, నీ రీకాయిల్‌కి అమెరికా చుట్టమనుకో, ముందుకీ వెనక్కీ. లాంచ్ చిన్నదే కానీ నిలువు ట్రాక్ మీద వెనక్కి వేలాడేటప్పుడు సీట్లోంచి లేస్తాం. ఇంకా ఎక్కువ రాయను, నువ్వు ఊహించుకో.

ఇక అసలు సంగతి. నైట్రో అనే కోస్టర్‌కి కూడా 54 అంగుళాలే కావాలి. కర్ర దగ్గర పాప మడమలు ఎత్తబోయింది, అక్కడ కొలిచే అమ్మాయి నవ్వి "అవసరం లేదు" అంది. అర అంగుళం ఎక్కువే ఉంది. ఇద్దరం ముందు వరస కోసం ఇంకో అరగంట ఆగాం. గొలుసు టకటకమంటూ 230 అడుగులు ఎక్కుతుంటే అది ఏడుస్తుందేమోనని నేను దాని వంకే చూస్తున్నా. అదేమో మెడ తిప్పి పార్కు అవతలి చివర ఎక్కడో వెతుకుతోంది.

"నాన్నా, అది ఎక్కడుండేది?"

చెయ్యి చూపిద్దామని బారు మీంచి తీశాను. అప్పటికే అంచు దాటేశాం.

గుంటూరు_ఘాటు | చికాగో

అరిచిందా?

ఎడిసన్_వాసు

నేను అరిచాను. ఫోటో కొన్నాం, ఫ్రిజ్ మీద పెట్టింది.